గట్టి చెక్కలో కత్తిరింపు మేకు: ముందు దిక్కు, తర్వాత దెబ్బ

"టేకులో మేకు కొడితే పగిలిపోతుంది సార్, స్క్రూ వేసుకోండి" అని మా వీధి చివర పనిచేసే ఆసారి, అంటే వడ్రంగి, నాకు ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాడు. తన డబ్బాలో ఉన్న మేకుల వరకు ఆయన మాట నిజమే. చెన్నైలో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా తూకం వేసి ఇచ్చేది తీగను తునకలుగా నరికి, ఒక కొసకు మొన, ఇంకో కొసకు తల పెట్టిన గుండ్రటి మేకు. బాగా ఎండిన టేకులో, మద్దిలో, వేగిసలో అది సగం దిగేసరికి వంగుతుంది. వంగకపోతే పలకను చీలుస్తుంది.

నేను చెప్పబోయేది మరో రకం మేకు గురించి. ఇనుప రేకును ఏటవాలుగా కత్తిరించి చేసే నాలుగు పలకల మేకు అది. మీ ఊళ్ళో చీల అనండి, మొల అనండి, ఇక్కడ మాత్రం దాన్ని కత్తిరింపు మేకు అందాం. పద్ధతి తెలిస్తే గట్టి చెక్కను పగలనివ్వదు, పట్టిన పట్టు వదలదు. పద్ధతి తెలియకపోతే తీగ మేకు కంటే ఘోరంగా పగలగొడుతుంది. ఉత్త మాటలతో ఇది ఒంటబట్టదు కాబట్టి ఒక వస్తువు చేస్తూ నేర్చుకుందాం. ఇత్తడి సామాను దాచుకునే ఆరు పలకల టేకు పెట్టె. ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, మూత. తాతల నాటి భోషాణానికి చిన్న తమ్ముడు అనుకోండి.

మేకును వేళ్ళ మధ్య తిప్పి చూడండి

ఒక మేకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా తిప్పండి. ఒక పక్క నుంచి చూస్తే తల నుంచి కొస దాకా ఒకే మందం కనిపిస్తుంది. పావు చుట్టు తిప్పితే తల దగ్గర వెడల్పుగా ఉండి కొసకు పోయేకొద్దీ సన్నబడే ముఖం కనిపిస్తుంది. మొదటిదాన్ని మందం, రెండోదాన్ని వెడల్పు అని పిలుద్దాం. ఈ రెండు మాటలు గుర్తుంటే తక్కినదంతా సులువు.

కొస కూడా చూడండి. సూదిలా ఉండదు, మొద్దుగా తెగి ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు దీన్ని లోపం అనుకుంటారు, కొందరు ఆకురాయి తీసి మొన తీర్చబోతారు కూడా. దయచేసి ఆ పని చేయకండి. మొన ఉన్న మేకు చెక్క పోగులను పక్కలకు తోసుకుంటూ పోతుంది, పగులు అక్కడే పుడుతుంది. మొద్దు కొస పోగులను తెంపి, తనతోపాటు కిందికి వంచుకుంటూ దిగుతుంది. అలా వంగిన పోగులు మేకు మీదికి ఒత్తుకొని నిలుస్తాయి. బయటికి లాగబోతే అవే అడ్డుపడతాయి.

ఇప్పుడు అసలు సూత్రం. మేకు వెడల్పు ఎప్పుడూ చెక్క పోగుల వెంట ఉండాలి, మందం పోగులకు అడ్డంగా ఉండాలి. వెదురును నిలువునా చీల్చడం చూసే ఉంటారు. కత్తి అంచు రెండు పోగుల మధ్య దిగుతుంది, కత్తి మందం వాటిని చెరో పక్కకు నెడుతుంది, ఆ తర్వాత వెదురు తనంతట తానే విచ్చుకుంటుంది. సన్నగా మొదలై వెడల్పయ్యే ఏ ఇనుమైనా చేసేది ఆ పనే. మేకు వెడల్పును పోగులకు అడ్డంగా పెడితే ప్రతి దెబ్బకూ పోగులను విడదీస్తూ పోతుంది. పోగుల వెంట పెడితే ఆ తోపుడంతా పోగుల పొడవు మీద పడుతుంది. పొడవు దిశలో చెక్కకున్న బలం చాలా ఎక్కువ, తట్టుకుంటుంది.

ఇంత తెలిసీ నేను ఒకసారి దెబ్బ తిన్నాను. పాత ఇంటి తలుపు నుంచి తీసిన 14 అంగుళాల వెడల్పు టేకు పలక, ముందు భాగానికని దాచుకున్నది. మూడు మేకులు చక్కగా దిగాయి. నాలుగోది పెడుతుండగా ఫోను మోగింది. మాట్లాడుతూనే మేకును పట్టుకున్నాను, అది పావు చుట్టు తిరిగి ఉందని చూడలేదు. మూడో దెబ్బకు టప్పుమని చప్పుడు, రంధ్రం నుంచి పలక చివర దాకా జానెడు పగులు. ఆ పలక ఇప్పుడు పెట్టె వెనక వైపు గోడకు ఆనుకొని ఉంది. అప్పటి నుంచి సుత్తి చేతిలో ఉన్నప్పుడు ఫోను వేరే గదిలో ఉంటుంది.

దొరికే చోటు, కొలత

ఈ మేకులు ఒకప్పుడు ప్రపంచమంతా మామూలు మేకులే. 18వ శతాబ్దం చివరి దాకా కమ్మరి కొలిమిలో ఒక్కొక్కటిగా సాగగొట్టేవారు. 1790ల నుంచి అమెరికాలో యంత్రాలు రేకును కత్తిరించడం మొదలుపెట్టాయి. రేకు పట్టీని ఏటవాలుగా ఒక కోత కోసి, తిరగేసి మరో కోత కోస్తే ఒకదాని తల పక్కన ఇంకోదాని కొస వస్తుంది, ఇనుము వృథా కాదు. ఈ చరిత్రలో ముచ్చటపడలేని పేజీలూ ఉన్నాయి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1794లో తన మాంటిచెల్లో ఎస్టేటులో పెట్టిన మేకుల కార్ఖానాలో సుత్తి పట్టింది బానిస కుటుంబాల పిల్లలు. రెండేళ్ళకు అక్కడికీ కత్తిరించే యంత్రం వచ్చింది. 1890ల నాటికి చవకైన ఉక్కు తీగ మేకు వచ్చి వీటిని పక్కకు నెట్టేసింది. గట్టిదనంలో ఓడి పక్కకు పోలేదు, ధరలో ఓడింది.

నేటికీ తయారు చేసేవాళ్ళలో ఇద్దరు పాతకాపులు ఉన్నారు: 1819లో మొదలైన అమెరికా కంపెనీ ట్రెమాంట్, 1888 నుంచి ఫ్రాన్స్‌లోని క్రేయ్ పట్టణంలో నడుస్తున్న రివియేర్. మొదటిది రేకు కత్తిరించి చేస్తుంది, రెండోది నాలుగు పలకల మేకును అచ్చులో కొట్టి తీస్తుంది. రెండూ ఇక్కడికి దిగుమతి మీద రావాల్సిందే, కాబట్టి చవక కాదు. చెన్నై ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల, టంగుటూరి ప్రకాశం పేరు మోస్తున్న బ్రాడ్‌వేలో నేను చాలా దుకాణాలు తిరిగాను. 'చదుర ఆణి' (చదరపు మేకు) అని తమిళంలో అడిగితే కాంక్రీటు మేకులు తెచ్చి చూపించారు. వాటిని మాత్రం కొనకండి. గోడకు కొట్టడానికి గట్టిపరచిన ఉక్కు అది. చెక్క కదిలినప్పుడు వంగదు, దెబ్బ పక్కకు పడితే విరిగి ముక్క ఎగురుతుంది.

ఇంకో దారి పాత ఇళ్ళ సామాను. మద్రాసు టెర్రాస్ కప్పుల కింద టేకు దూలాలు వేసి కట్టిన ఇళ్ళు కూల్చినప్పుడు, ఆ దూలాల్లోనూ తలుపుల్లోనూ కమ్మరి చేసిన చదరపు మేకులు దొరుకుతాయి. తుప్పు పైపైన ఉంటే కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి ఇనుప బ్రష్‌తో రుద్దండి, వంకర ఉంటే చదును చేసుకోండి. మెడ దగ్గర తుప్పు తినేసినవి పారేయండి.

చిన్న మేకులు సొంతంగా కూడా చేసుకోవచ్చు. 2 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు రేకులో, మేకు పొడవు ఎంతో అంత వెడల్పు పట్టీ తీసుకొని, ఒక చివర 4, రెండో చివర 2 మిల్లీమీటర్లు ఉండేలా తిరగేస్తూ కత్తిరించాలి. కోతకు మెలిక పడిన ముక్కలను ఇనుప దిమ్మె మీద చదును చేసి, ఎర్రగా కాల్చి బూడిదలో నెమ్మదిగా చల్లారనిస్తే సరి. సొరుగు అడుగులకు ఒక ఇరవై చేశాను. ఇరవయ్యోదానికి దిగుమతి ధర న్యాయమే అనిపించింది.

కొలత చెప్పడానికి ఇంగ్లండులో పుట్టిన 'పెన్నీ' అనే లెక్కను అమెరికాలో నేటికీ వాడతారు. ఒకప్పుడు వంద మేకులకు ఇన్ని పెన్నీలు అన్న ధరే ఆ పేరుకు మూలం అంటారు. 4 పెన్నీల మేకు అంగుళంన్నర, 5 పెన్నీలది 1¾ అంగుళాలు, 6 పెన్నీలది 2, 8 పెన్నీలది 2½. ఈ గజిబిజిని మన చెన్నై వడ్రంగుల లెక్క ఒక్క దెబ్బతో తీర్చేస్తుంది. ఇక్కడ అంగుళంలో ఎనిమిదో వంతును 'నూలు' అంటారు. పైన ఉండే పలక ఎన్ని నూళ్ళ మందమో అన్ని పెన్నీల మేకు తీసుకోవాలన్నది పాత నియమం. ముప్పావు అంగుళం పలక అంటే 6 నూళ్ళు, కాబట్టి 6 పెన్నీలు. చెక్క గట్టిదైతే ఒక మెట్టు దిగండి. మన టేకు పెట్టెకు 18 మిల్లీమీటర్ల పలకలు, 5 పెన్నీల మేకులు. సముద్రానికి అవతలి నియమం మన నూలుతో ఇంత చక్కగా కుదిరిందని ఆసారికి చెబితే, మొదటిసారి ఆయన మేకును చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

కుర్చీ కాళ్ళకు, బల్ల కాళ్ళను పట్టే అతుకులకు మేకు పనికిరాదు. అక్కడ ఒక కొయ్య కొసను చెక్కి మరో కొయ్యలో తొలిచిన రంధ్రంలో బిగించే అతుకే ఉండాలి. ప్లైవుడ్ అంచుల్లో, పొట్టు అదిమి చేసిన బోర్డుల్లో కూడా వద్దు. పెట్టెలు, పుస్తకాల బీరువా వెనక పలకలు, సొరుగు అడుగులు, అంచు పట్టీలు, మూత కింద అడ్డపట్టీలు మేకు రాజ్యం. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది: ఒక పలక పోగులు ఇంకో పలక పోగులకు అడ్డంగా కలుస్తాయి.

చెన్నైలో దీని అవసరం ఇంకా ఎక్కువ. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో మాత్రం గాలి తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర, 80 శాతం ఉంటే 16 శాతం దగ్గర నిలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒక స్థితి, రోజంతా ఏసీ నడిచే పడకగదిలో ఇంకో స్థితి. పెద్దగా కదలని చెక్కగా పేరున్న టేకు కూడా 350 మిల్లీమీటర్ల వెడల్పు పలకలో, చెక్కలో తేమ 4 శాతం మారితే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. జిగురుతో గట్టిగా అంటిస్తే ఆ రెండు మిల్లీమీటర్లు పగులుగా బయటపడతాయి. మెత్తని ఉక్కు మేకు ఆ కదలికతోపాటు కొంచెం వంగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. గట్టిపరచిన స్క్రూ ఆ పని చేయదు, మెడ దగ్గర తెగుతుంది.

కాబట్టి మన పెట్టెలో జిగురు తక్కువ. ముందు పలక పోగులు అడ్డంగా, పక్క పలక పోగులు నిలువుగా ఉంటాయి. ఇవి కలిసే మూలలో ఎత్తు మధ్యన నాలుగు వేళ్ళ మేర మాత్రమే జిగురు రాస్తాను, మిగతాదంతా మేకులే చూసుకుంటాయి.

పలకలు సిద్ధం చేయడం

పాత టేకు అయితే చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో రెండు ముఖాలూ తడమండి. లోపల విరిగి ఉండిపోయిన మేకు ముక్క ఒక్కటి చాలు, చిత్రిక బ్లేడు పళ్ళూడటానికి. కొత్త టేకు అయితే కొన్న వెంటనే కోయకండి. పెట్టె ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే రెండు మూడు వారాలు, మధ్యన పట్టీలు వేసి పేర్చి ఉంచండి.

ముందు, వెనక పలకలను కావలసిన పొడవు కంటే రెండు చివరలా అంగుళం చొప్పున ఎక్కువ ఉంచండి. ఈ ఒక్క జాగ్రత్త సగం పగుళ్ళను ఆపుతుంది. మేకు పడేది పక్క పలక మందం నడిమధ్య, అంటే పూర్తయిన పెట్టె మూల నుంచి 9 మిల్లీమీటర్ల దూరంలోనే. పలక చివరకు అంత దగ్గరగా కొడితే దిక్కు సరిగ్గా ఉన్నా చివరి తునక ఎగిరిపోవచ్చు. అంగుళం అదనంగా ఉంటే ఆ భయం లేదు. మేకులన్నీ దిగాక ఆ తోకను రంపంతో కోసి చిత్రికతో సాపు చేస్తే చాలు.

రంధ్రం

గట్టి చెక్కలో రంధ్రం వేయకుండా మేకు కొట్టకూడదు. దీనికి మినహాయింపు లేదు. ఎంత రంధ్రం అన్నదే ప్రశ్న.

మేకు మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 2.5 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం, మొదటి డ్రిల్ బిట్టు కూడా 2.5. రెండు పలకలనూ బిగించి పట్టి ఉంచి, పైపలక గుండా కింది పలకలోకి ఒకేసారి దింపండి. లోతు మేకు పొడవులో నాలుగింట మూడు వంతులు, అంటే 44 మిల్లీమీటర్ల మేకుకు 33. బిట్టుకు ఆ కొలత దగ్గర రంగు టేపు చుట్టుకుంటే లెక్క తప్పదు. తర్వాత అర మిల్లీమీటరు పెద్ద బిట్టు తీసుకొని పైపలక మందం మేరకే, అంటే 18 మిల్లీమీటర్లే, మళ్ళీ తొలవండి. మేకు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది కదా, రంధ్రం కూడా రెండు మెట్లలో దాని పోలికకు వస్తుంది. కొసకు పోయేకొద్దీ సన్నబడే బిట్లు కూడా ఉంటాయి, అవి ఉంటే ఒకే దెబ్బకు పని అవుతుంది. లేకపోయినా నష్టం లేదు.

మద్ది, తుమ్మ లాంటి రాతిచెక్క అయితే చివరన 5, 6 మిల్లీమీటర్లు మాత్రమే తొలవకుండా వదలండి. మామిడి, వేప అయితే లోతు సగానికి తగ్గినా పట్టు బాగుంటుంది.

ఇక్కడొక చిక్కు ఉంది, చాలామంది దీన్ని దాటవేస్తారు. ముందు పలక పోగులు అడ్డంగా, పక్క పలక పోగులు నిలువుగా ఉన్నాయి. మేకు వెడల్పు ఎవరి పోగుల వెంట ఉండాలి? పైపలక మాట వినండి. మేకు వెడల్పైన భాగం అందులోనే ఉంటుంది, చివరకు దగ్గరగా ఉన్నదీ అదే, పగిలితే కంటికి కనిపించేదీ అదే. అయితే దీని మూల్యం కింది పలక చెల్లిస్తుంది. అందులో మేకు వెడల్పు పోగులకు అడ్డం తిరుగుతుంది, పలక మందాన్ని రెండుగా విడదీయాలని చూస్తుంది. కొస సన్నంగా ఉంటుంది కాబట్టే ఆ తోపుడు తక్కువ. అందుకే కింది పలకలో రంధ్రం లోతును ఎప్పుడూ పిసినారితనంతో తగ్గించకండి. పక్క పలకలో పోగుల వెంట సన్నని చీలిక కనిపించిందంటే లోతు చాలలేదని అర్థం.

పలక మీద చేయి పెట్టేముందు అదే చెక్క తునక మీద మూడు మేకులు కొట్టి చూడండి. మేకు వేళ్ళతో తోస్తే సగం దిగిపోతే బిట్టు పెద్దది. దెబ్బకు ఆగి వంగితే బిట్టు చిన్నది, లేదా లోతు తక్కువ. మూడింట రెండు వంతులు నికరంగా దిగి, చివరి వంతు దెబ్బ దెబ్బకూ స్వరం పెంచుతూ దిగితే సరిపోయింది. ఆ స్వరం మీకే తెలుస్తుంది.

ఒక్కో మూలకు నాలుగు మేకులు చాలు. అంచు నుంచి అంగుళంన్నర వదిలి మొదటిది వేసి, మిగతావి సమంగా పంచండి. రంధ్రాలను తిన్నగా కాకుండా ఒకటి కొంచెం పైకి, తర్వాతది కొంచెం కిందికి వాలేలా తొలవండి. వాలు స్వల్పంగా ఉంటే చాలు. ఎదురుబొదురుగా వాలిన మేకులు పలకను ఒకే దిశలో ఊడిరానివ్వవు. వాలు ఎప్పుడూ నిలువులోనే ఉండాలి. అడ్డంగా వాలిస్తే 18 మిల్లీమీటర్ల పక్క పలక ముఖం నుంచి మేకు కొస తొంగిచూస్తుంది.

దెబ్బ

కళ్ళద్దాలు పెట్టుకోండి. 400 గ్రాముల సుత్తి ఈ కొలతకు హాయిగా ఉంటుంది. మేకు కొసను తేనెమైనంలో ఒకసారి గుచ్చి తీయండి. కొందరు సబ్బు రాస్తారు. సబ్బు తేమను లాక్కొని తుప్పు తెస్తుంది, మన సముద్రపు గాలికి అది తోడైతే చెప్పనక్కరలేదు. మెత్తని చెక్కలో అయితే మైనం కూడా వద్దు, ఊరికే పట్టు తగ్గుతుంది.

మేకును రంధ్రంలో నిలబెట్టి పైనుంచి చూడండి. దాని వెడల్పు పైపలక గీతల వెంట ఉందా? ఉంటే చిన్న పట్టకారుతో మెడ కింద పట్టుకొని రెండు మెల్లని దెబ్బలు వేయండి. ఇప్పుడు మళ్ళీ చూడండి. గుండ్రటి రంధ్రంలో నాలుగు పలకల మేకు మొదటి దెబ్బలకు తిరుగుతుంది, అందుకే మూడో వంతు దిగేదాకా పట్టకారు వదలకూడదు. ఆ తర్వాత తిరగదు, చేతి నిండా కొట్టవచ్చు. తల పలకకు ఒక గోరు మందం దూరంలో ఉండగా ఆగి, మిగతాది పంచు (తల మీద ఆనించి కొట్టే ఇనుప కడ్డీ) పెట్టి దింపండి. సుత్తితోనే ముగిస్తే అర్ధచంద్రాకారపు గుంట పడుతుంది. దుకాణాల్లో దొరికే పంచు గుండ్రటి మొనతో ఉంటుంది. దాన్ని ఆకురాయితో మేకు తల ఆకారానికి చదరంగా రుద్దుకుంటే జారదు.

గుంట పడితే కంగారు వద్దు. తడిబట్ట పరచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అణిగిన పోగులు ఆవిరికి లేస్తాయి. నూనె పట్టించకముందే ఈ పని చేసుకోండి.

మేకు వంగడం మొదలైతే అక్కడే ఆపేయండి. ఇంకో దెబ్బతో సరిచేయగలనన్న ఆశ అందరికీ పుడుతుంది, అది ఫలించడం నేను చూడలేదు. పట్టకారు కింద చెక్క తునక పెట్టి నిటారుగా లాగండి. ఆ రంధ్రంలో మళ్ళీ మేకు పట్టదు. అదే టేకుతో సన్నని కొయ్య చీల చెక్కి జిగురుతో దిగగొట్టి, ఎండాక కోసి, వేలెడు దూరంలో కొత్త రంధ్రం వేయండి.

అడుగు పలక విషయంలో నేను ఎక్కువ శ్రమపడను. లోపల చుట్టూ పట్టీలు కొట్టి, వాటి మీద పలకను వదులుగా కూర్చోబెడతాను. నాలుగు వైపులా ఒక నూలు ఖాళీ వదిలితే వానాకాలంలో ఉబ్బడానికి చోటుంటుంది.

మూత: మేకు వంచి బిగించడం

మూత పలక వంకర తిరగకుండా అడుగున రెండు అడ్డపట్టీలు కావాలి. ఇక్కడ కత్తిరింపు మేకు చేసే పని స్క్రూ చేయలేదు. మూత 18, పట్టీ 18, మొత్తం 36 మిల్లీమీటర్లు. 2 అంగుళాల మేకు కొడితే 14 మిల్లీమీటర్ల దాకా అవతలికి వస్తుంది. ఆ కొసను వెనక్కి వంచి పట్టీలోకే దిగగొడతాం.

తొలి యంత్రాల మేకుల్లో ఇనుప పోగులు అడ్డంగా ఉండేవి, వంచితే విరిగేవి. ఇప్పటి మేకుల్లో ఆ బాధ లేదు. అయినా ఒకటి వైస్‌లో బిగించి వంచి చూసుకోండి. విరిగితే ఎర్రగా కాల్చి చల్లార్చాక వాడండి.

ఈసారి రంధ్రం పూర్తిగా అవతలి దాకా వేయాలి. మేకు కొస బయటికి రాగానే దాని కింద బరువైన ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి కొడుతూ ఉంటే కొస దానంతట అదే కొక్కెంలా వంగుతుంది. తర్వాత మూతను బోర్లించి, తల కింద దిమ్మె ఉంచి, ఆ కొక్కేన్ని సుత్తితో చెక్కలోకి దించండి. కొసను పట్టీ పోగులకు అడ్డంగా వంచాలి. పోగుల వెంట వంచిన దానికంటే అడ్డంగా వంచితే ఊడటానికి పట్టే బలం దాదాపు 20 శాతం ఎక్కువని అమెరికాలోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ లెక్క. గట్టి చెక్కలో కొక్కెం సులువుగా దిగదు. అది పడే చోట ఉలితో ముందే చిన్న గంటు పెడితే లొంగుతుంది.

ఒక్కో పట్టీకి నాలుగు మేకులకు మించి వద్దు. మూతకు కదలడానికి చోటు కావాలి.

మచ్చ, తుప్పు

టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న చెక్కలో తడి తగిలితే ఇనుము నల్లని మచ్చ వేస్తుంది. తుమ్మలో, వేగిసలో ఇది బాగా కనబడుతుంది. నాకు ఆ నల్ల వలయాలు ఇష్టమే, మా ఇంట్లోవాళ్ళకు కాదు. తప్పించాలంటే మేకులను కొట్టకముందే ఉడికించిన అవిసె నూనెలో ముంచి, గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరబెట్టండి. పైకి కనిపించే తలలకు పని ముగిశాక మరో పూత వేయండి. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. విప్పి తీగ మీద ఆరవేయండి, లేదా నీళ్ళలో ముంచండి. పెట్టెలో ఇత్తడి పెట్టండి, ఇత్తడితోపాటు ఆవకాయ జాడీ మాత్రం పెట్టకండి. ఉప్పు ఊట ఒక్క చుక్క కారినా అడుగు మేకులు ఏడాదిలో ఎర్రబడతాయి.

తలల మీద లప్పం పెట్టి దాచే అలవాటు నాకు నచ్చదు. చెక్క కదిలిన మొదటి వానాకాలానికే అది ఊడి వస్తుంది. అంచు పట్టీల్లో మాత్రం తలను ఒక మిల్లీమీటరు లోపలికి దింపి, రంగు కలిపిన మైనంతో నింపుతాను.

మొదటి ఏడాది డిసెంబరులో, వానలు వెనకబట్టాక, పెట్టె చుట్టూ అరచేతితో తడమండి. ఎక్కడైనా మేకు తల వెంట్రుకవాసి పైకి తగిలితే పంచు పెట్టి ఒక్క దెబ్బ వేయండి. మా పెట్టెలో ఎడమ మూల, కింది నుంచి రెండో మేకు అలా లేచింది. దాని తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి, మళ్ళీ లేవలేదు.